సున్నాలో చుక్క

సోమవారం పొద్దుటికల్లా చేయాల్సిన పనులు:

నోటీసుకు జవాబు రాయాలి.
నాన్న నోటుబుక్కులో ఆ రోజు పేజీని జిరాక్సు తీయించాలి.
యూనిఫాం చొక్కాకి ఊడిన జేబు కుట్టాలి.
లైబ్రరీ పుస్తకాలు రెండూ తిరిగిచ్చేయాలి, గడువు దాటిపోయింది.
అమ్మ ముందు లైసెన్సు మాట ఎత్తకూడదు.

ఈ జాబితా రాసుకున్నది నేనే. కింది నాలుగు పనులూ బాగానే చేశాను. మొదటి దానిలోనే తప్పు చేశాను. ఆ తప్పు గురించీ, దాన్ని మా నాన్న దిద్దిన తీరు గురించీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ అయ్యాక తత్వశాస్త్రంలో ఎమ్మేలో చేరాను. "ఆ చదువుతో ఏం రిపేరు చేస్తారే?" అని అమ్మ కొన్నాళ్లు అడిగింది. నా దగ్గర జవాబు లేదని అర్థమయ్యాక అడగడం మానేసింది.

నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఆ జేబు ఊడింది కూడా దాని బరువుకే. ఏ లిఫ్టు దగ్గరికి వెళ్లినా ఒక్కో భాగం పేరు రాసి, పక్కన ఒక గుర్తు పెడతాడు. తన కంటితో చూసిందైతే చుక్క. ఇంకొకరు చెప్పగా విన్నదైతే సున్నా. రెండే గుర్తులు. ఎవరు నేర్పారంటే గుర్తు లేదంటాడు. గుర్తు లేదు కాబట్టి ఎవరి పేరూ చెప్పడు.

ఇంట్లో కూడా అంతే. గ్యాసు అయిపోయిందని అమ్మ చెబితే, లేచి వెళ్లి సిలిండరు ఊపి చూస్తాడు.

"నేను చెబితే సున్నా, సిలిండరు చెబితే చుక్కా?" అంటుంది అమ్మ.

"సిలిండరు నాతో ఎప్పుడూ పరాచికాలాడలేదు," అంటాడు నాన్న.

ఇక జరిగింది చెబుతాను. ఒక పెద్ద ఆస్పత్రికి కొత్త భవనం కట్టారు. రోగుల్ని మంచాలతో సహా ఎక్కించే పెద్ద లిఫ్టు పెట్టారు. దాన్ని బిగించింది నాన్న కంపెనీవాళ్లే. మేస్త్రిగా ముందుండి చేయించింది బక్కన్న. నాన్నకంటే ఆరేళ్లు పెద్ద. మనిషి ఎంత సన్నమంటే, లిఫ్టు పెట్టెకీ గోడకీ మధ్య సందులోకి వేరే ఎవరూ దూరలేని చోట్లకి ఆయన్నే పంపేవారు. నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. పని మొత్తం పూర్తిచేసి, తనిఖీ కాగితాల్లో ఒక్కో వరుసకీ 'సరే' అని రాసుకుంటూ వచ్చి, చివరి పేజీలో సంతకం చేసేలోపల గుండె ఆగి పోయాడు. అక్కడికి వారం తర్వాత ప్రారంభం.

ప్రారంభం రోజు పొద్దున ఏడున్నరకి నాన్నకి ఫోను వచ్చింది. పది గంటలకు పాత భవనంలోంచి రోగుల్ని మారుస్తున్నారు, లైసెన్సున్న మనిషి సంతకం ఒక్కటి కావాలి, వచ్చి పెట్టి వెళ్లు అని. నాన్న వెళ్లాడు. కాగితం చదివాడు. చివరి పేజీలో అచ్చులో ఒక వాక్యం ఉంది: 'పైన చెప్పిన భాగాలన్నిటినీ నేను స్వయంగా పరీక్షించాను.'

చూడగలిగినవన్నీ గంటన్నరలో చూసేశాడు. ఒక్కటి మిగిలింది. తాడు తెగి పెట్టె కిందికి జారితే, రెండు పక్కలా పట్టాల్ని కరిచి పట్టుకునే బ్రేకు. అది పనిచేస్తుందో లేదో బయటినుంచి చూస్తే తెలియదు. నిండు బరువు ఎక్కించి, పెట్టెను కిందికి వదిలి, బ్రేకు చేత పట్టించి చూడాలి. తర్వాత పెట్టెను పైకి లేపి విడిపించి, పట్టాల మీద పడ్డ గాట్లు ఆకురాయితో నున్నగా రుద్దాలి. రెండు గంటల పని.

భవనం మేనేజరు గడియారం చూసుకున్నాడు. "బక్కన్న 'సరే' అని రాశాడుగా. బక్కన్న మీద నమ్మకం లేదా నీకు?"

"ఉంది సార్. నమ్మకం బక్కన్న మీద. సంతకం బ్రేకు మీద."

"బ్రేకు పనిచేస్తుందా, చేయదా? ఒక్క మాట చెప్పు."

"చేస్తుందనే నమ్ముతున్నాను సార్. తెలీదు."

"రెండూ ఒకటే కదయ్యా."

"ఒకటే అయితే ఆ కాగితంలో 'నమ్ముతున్నాను' అనే రాయించండి సార్, ఇప్పుడే పెడతాను."

మేనేజరు రాయించలేదు. నాన్న ఇసుక బస్తాలు తెప్పించాడు. ఇరవై మంది బరువు. పది గంటలకల్లా నడవాలో పదకొండు మంచాలు వరసగా నిలబడ్డాయి. ఒక మంచం మీది ముసలావిడ పైకప్పు చూస్తూ, "ఇంకా ఎంతసేపు నాయనా?" అని దారిన పోయే ప్రతివాడినీ అడిగింది. నాన్ననీ అడిగింది. "నా వల్లే ఆలస్యమమ్మా, పన్నెండయ్యేసరికి ఎక్కిస్తాను," అని చెప్పి వెళ్లాడు.

పెట్టెను వదిలారు. జానెడు కూడా జారకముందే బ్రేకు రెండు పక్కలా పట్టేసింది. నాన్న టార్చితో గాట్లు చూశాడు. ఎడమా కుడీ ఒకే లోతు, ఒకే పొడవు. నోటుబుక్కులో ఆ బ్రేకు పక్కన పొద్దున పెట్టిన సున్నా ఉంది. దాని మధ్యలో చుక్క పెట్టాడు. కిందికొచ్చి సంతకం చేశాడు. పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ.

బ్రేకు చెడిపోయి ఉంటే ఆ రోజు నాన్నకి దండలు వేసేవారు. బాగుంది కాబట్టి ఆస్పత్రివాళ్లు నోటీసు ఇచ్చారు. 'లోపమున్నట్లు ఎలాంటి సూచనా లేకపోయినా రెండు గంటలు ఆలస్యం చేసి రోగులకు ఇబ్బంది కలిగించినందుకు, లిఫ్టు పనికి మీ లైసెన్సు ఎందుకు రద్దు చేయించకూడదో సోమవారం విచారణకు హాజరై రాతపూర్వకంగా తెలపండి.' లైసెన్సు లేకపోతే మా నాన్న ఇంకే పనికీ పోలేడు. యాభై దాటిన మనిషి, వచ్చింది అదొక్కటే.

ఆఫీసు భాషలో జవాబు రాయగలిగింది ఇంట్లో నేనొక్కదాన్నే. శనివారం మధ్యాహ్నం కూర్చున్నాను. నోటీసులో కీలకం ఎక్కడుందో చదువుకున్నదాన్ని కాబట్టి వెంటనే పట్టేశాను. 'ఎలాంటి సూచనా లేకపోయినా' అన్న దగ్గర. సూచన ఒకటి ఉందంటే నోటీసే నిలబడదు. అందుకని ఇలా రాశాను: 'పెట్టె కదులుతున్నప్పుడు బ్రేకు ఉన్న వైపు నుండి అసాధారణమైన శబ్దం వినిపించినందున, రోగుల భద్రత దృష్ట్యా పరీక్ష చేయవలసి వచ్చింది.' నాకు చాలా గర్వంగా అనిపించింది. ఒక్క వాక్యంతో మా నాన్నను గట్టెక్కించాననుకున్నాను.

సాయంత్రం నాన్నకి చదివి వినిపించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం శబ్దం తల్లీ?"

"ఏదో శబ్దం నాన్నా. అలా రాస్తేనే నిలబడుతుంది."

"కిర్రుమందా, టకటకమందా?"

"నాన్నా, అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు? వినిపించిందంటే కాదనేవాడెవడు?"

"నేనున్నానుగా."

అమ్మ వంటగదిలోంచే అంది, "మీ నాన్న చేత సంతకం పెట్టించడం కంటే లిఫ్టుని చేత్తో లాగడం తేలికే. వదిలెయ్."

నాన్న కాగితం అందుకుని, శబ్దం అన్న మాట మీద బొటనవేలు పెట్టాడు. "శబ్దం వచ్చిందంటే అర్థమేంటో తెలుసా నీకు? బ్రేకు సరిగ్గా బిగించలేదని. ఎవరు బిగించారు? బక్కన్న. నేను విన్నానని రాస్తే, ఆయన చివరి పని చెడ్డదని రాసినట్టు. ఆయన లేచొచ్చి కాదని చెప్పలేడు."

బక్కన్న పెదనాన్న ఆ వాక్యంలో ఉన్నాడని నాకు తట్టనే లేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. దానికి నెల ముందే మా మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చారు. ఒకడు నమ్మినది నిజమే అయినప్పుడు, అతనికి అది తెలుసు అనడానికి ఇంకేం కావాలి? పన్నెండు పేజీలు రాశాను. క్లాసులో నావే ఎక్కువ మార్కులు. నిజమైన నమ్మకం వేరు, తెలియడం వేరు అని ఎంతో ఓపికగా నిరూపించాను. అంతా రాసిన చేత్తోనే, వినని శబ్దాన్ని విన్నానని మా నాన్న పేరు మీద రాశాను. ఆ మార్కులు తిరిగిచ్చే వీలుంటే ఇచ్చేసేదాన్ని.

కొత్త జవాబు నాన్న చెబుతుంటే నేను రాశాను. నాలుగు వాక్యాలు. 'నాకు ఏ శబ్దమూ వినిపించలేదు. ఏ అనుమానమూ రాలేదు. స్వయంగా పరీక్షించానని సంతకం చేయాలి కాబట్టి పరీక్షించాను. రోగులు రెండు గంటలు నడవాలో ఉండాల్సి రావడం నా వల్లే.'

"చివరిది తీసేద్దాం నాన్నా. మన మీద మనమే చెప్పుకున్నట్టుంది."

"ఆ ముసలావిడ ముఖం చూశానమ్మా. చూసింది రాయకపోతే ఎట్లా?"

సోమవారం విచారణ ఒక చిన్న గదిలో జరిగింది. బల్లకి అటు మేనేజరూ, పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరమ్మా, రాసుకోవడానికి గుమాస్తా. ఇటు నాన్నా, నేనూ. కుట్టిన జేబులో నోటుబుక్కు. నా చేతిలో జిరాక్సు.

మేనేజరు మొదలుపెట్టాడు. "పరీక్షకి ముందు బ్రేకు బాగుంది. తర్వాతా బాగుంది. ఆ రెండు గంటల్లో ఏం మారిందో చెప్పు మేస్త్రీ."

"బ్రేకు మారలేదు సార్. నేను మారాను. పైకెక్కేటప్పుడు నాకు తెలీదు. దిగేటప్పుడు తెలుసు. సంతకం పెట్టేది బ్రేకు కాదు కదా, నేను."

గుమాస్తా కలం ఆపి తల ఎత్తాడు. మా మాస్టారి ప్రశ్నకి నేను పన్నెండు పేజీల్లో వెతికిన జవాబు ఆ గదిలో మూడు ముక్కల్లో వినపడింది.

ఇంజనీరమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. జిరాక్సు తీసుకుని కళ్లద్దాలు సర్దుకుంది. "అన్నీ మీరే చూడాలంటే లోకం నడవదు కదండీ. ఈ తాడు తయారైన ఫ్యాక్టరీ చూశారా మీరు?"

"లేదమ్మా. దానికి సున్నా పెట్టాను, చూడండి, మూడో వరసలో. కాగితంలోనూ దానికి ఫ్యాక్టరీ పత్రమే అడిగారు, నన్ను అడగలేదు."

"అంటే సున్నాలు ఉండొచ్చు."

"ఉండకపోతే ఎట్లాగమ్మా? మా ఆవిడ వండిన కూర నేను రుచి చూసి ఎక్కడ తింటున్నాను, నమ్మి తింటున్నాను. సున్నా తప్పు కాదు. సున్నాని చుక్క అని రాయడం తప్పు."

ఆవిడ నవ్వలేదు కానీ, కాగితం కింద పెట్టేటప్పుడు మెల్లగా పెట్టింది. "మరి ఇదేంటి? సున్నాలో చుక్క?"

"అది బక్కన్న మాటమ్మా. ఆయన చెప్పింది విన్నాను. తర్వాత చూశాను. రెండూ కలిశాయి." నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "నాదొక మనవి. మీ రికార్డులో ఒక ముక్క రాయించండి. ఆ బ్రేకు బిగించింది బక్కన్న అనీ, నిండు బరువు మీద రెండు పక్కలా సమానంగా పట్టిందనీ."

మేనేజరు విసుక్కున్నాడు. "ముందు నీ లైసెన్సు సంగతి చూసుకోవయ్యా. ఆయన పోయాడు. ఇప్పుడది ఎవరికి పనికొస్తుంది?"

"బాగా చేశాడని ఆ పరీక్షదాకా అందరం అనుకున్నాం సార్. ఇప్పుడు తెలుసు. తెలిసింది రాసిపెట్టకపోతే, మళ్లీ అనుకోవడమే అవుతుంది."

ఇంజనీరమ్మ గుమాస్తా వైపు తిరిగి, "రాయండి," అంది.

మూడు రోజుల తర్వాత నిర్ణయం వచ్చింది. లైసెన్సు ఉంటుంది. ఆలస్యానికి ఒక హెచ్చరిక ఫైలులో ఉంటుంది. కొత్త భవనం పని ఇంకొకరికి ఇచ్చి, నాన్నను పాత భవనంలో సామాన్ల లిఫ్టుకి మార్చారు. ఉత్తరం అందినట్టు సంతకం చేయమని గుమాస్తా తొందరపెట్టాడు. నాన్న రెండు పేజీలూ వేలు పెట్టుకుని చదివాడు. "ఇక్కడ 'చదివి తెలుసుకున్నాను' అని ఉంది బాబూ," అన్నాడు. పావుగంట పట్టింది. నేను పక్కన నిలబడే ఉన్నాను. అంత హాయిగా నేనెప్పుడూ ఎవరికోసమూ ఎదురుచూడలేదు.

మా నాన్నను పొగడమని నేను అడగడం లేదు. పొగిడితే, నువ్వు చూశావా అని అడుగుతాడు. విచారణ ఫైలు ఒక ఇనుప బీరువాలో ఉంది. అందులోని ఆ ఒక్క వాక్యం కోసం దాన్ని ఎవరూ తెరవరు. అందుకే అదే వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆ బ్రేకు బిగించింది బక్కన్న. నిండు బరువు మీద అది రెండు పక్కలా సమానంగా పట్టింది. ఎవరూ దూరలేని సందుల్లోకి దూరి, పని సరిగ్గా చేసి, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయిన మనిషి. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.