ట్రాములో రాగ్న చెప్పిన మాట

నార్వేలోని బెర్గెన్ జనం మొండిఘటాలు. ఊరు జర్మన్ల చేతికి చిక్కి మూడేళ్ళు దాటినా, ట్రాములో జర్మన్ వచ్చి పక్కన కూలబడితే చాలు, తేలు కుట్టినట్టు లేచి నిలబడేవాళ్ళు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు సైతం లేచేవాళ్ళు. చూసీ చూసీ జర్మన్లకు ఒళ్ళు మండింది. సీటుండగా లేచి నిలబడ్డవాళ్ళను దింపి పట్టుకుపోతామని ట్రాములన్నిటా నోటీసులంటించారు.

ఆ నోటీసు కిందే కూర్చుంది పదిహేడేళ్ళ రాగ్న. ఒళ్ళో సంచి నిండా టర్నిప్ దుంపలు. ఒక దుంపను తొలిచి, రేవులో జర్మన్లు కొత్తగా పెట్టిన ఫిరంగుల పటం అందులో దాచారు. నాలుగు వరసల వెనక బోర్గిల్డ్, ఈమెదీ అదే ఈడు. రాగ్న పట్టుబడితే, ఆ దుంప అందుకోవలసిన రహస్య దళం మనిషి, చెప్పులు కుట్టే హల్వార్‌కు కబురు చేర్చడం ఈమె పని. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే ఉండాలి. ఏడాదిగా అలాగే ఉన్నారు. ఆ ఏడాదిలో రాగ్న మెడ వెనక జడపాయలు ఎన్నో కూడా బోర్గిల్డ్‌కు కంఠతా వచ్చేసింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటినుంచీ తలుపు దగ్గర నిలబడి ఉన్న ఒక జర్మన్ ఆఫీసరు నాలుగో స్టాపులో వచ్చి రాగ్న పక్కన కూర్చున్నాడు. పాడు అలవాటు! దిగ్గున లేచి నిలబడింది రాగ్న. లేచాక గాని నోటీసు గుర్తు రాలేదు. ఇక చేసేది లేక గబగబా వెనక్కి వచ్చి బోర్గిల్డ్ పక్క ఖాళీలో కూర్చుంది.

ఆఫీసరు వెంటనే వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"ఎందుకు లేచావు?" అన్నాడు వచ్చీరాని నార్వే భాషలో.

"ఇది నా స్నేహితురాలు సార్."

"అబద్ధం. ఎక్కినప్పటినుంచీ చూస్తున్నా. నేను అక్కడ నిలబడే ఉన్నా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. స్నేహితురాళ్ళు అలా కూర్చుంటారా?" అంటూ సంచి మీద చెయ్యి వేశాడు.

ఎదుటి సీట్లో బోర్గిల్డ్ వాళ్ళ పక్కింటి ఒలీనా పిన్ని కళ్ళప్పగించి చూస్తోంది.

"నాకు ఈమంటే ప్రేమ సార్," అంది రాగ్న, ట్రామంతా వినబడేలా. "వట్టి స్నేహం కాదు. మా వీధిలో తెలిస్తే బతకనివ్వరు. అందుకే దూరం దూరంగా కూర్చుంటాం. ఇవాళ ఉండబట్టలేకపోయా."

ఆఫీసరు ముందు తెల్లబోయాడు, తర్వాత పకపకా నవ్వాడు, చివరికి ఛీ అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సంచికి కూడా అంటు ఉందనుకున్నాడేమో వెధవ! ఆ పిల్ల గుండెధైర్యానికి దండం పెట్టాలి.

దుంప హల్వార్‌కు చేరింది. వాన పడుతున్న సందులో రాగ్న ఆగి, "నేను అన్నది నిజమే," అంది. "నువ్వు ఏం చెప్పకపోయినా పరవాలేదు." "వానలో తడుస్తున్నావ్, మా ఇంటికి రా," అని మాత్రం అంది బోర్గిల్డ్.

ఇంటికి వెళ్ళేసరికి ఒలీనా పిన్ని అక్కడే ఉంది. తాళ్ళు పేనే ఆస్ముంద్, అంటే బోర్గిల్డ్ తండ్రి, కథంతా అప్పటికే విన్నాడు.

"రావే నా బంగారం!" అంటూ పిన్ని రాగ్న బుగ్గలు పుణికింది. "ఎంత అబద్ధమాడావే! ఆ జర్మన్‌గాణ్ణి గాడిదను చేశావు! వీధంతా చెప్పి వచ్చా, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు!"

రాగ్న తల దించుకుంది. బోర్గిల్డ్ ఒక్క నవ్వు నవ్వితే సరిపోయేది. వీధి మెచ్చుకునేది, తండ్రి గర్వపడేవాడు, ఎవరికీ ఏ చిక్కూ లేదు. రాగ్న ఒక్కతే ఆ మాటతో మిగిలిపోయేది.

"అది అబద్ధం కాదు పిన్నీ," అంది బోర్గిల్డ్. "తనకే కాదు, నాకూ అంతే."

పిన్ని చెయ్యి రాగ్న బుగ్గ మీంచి జారిపోయింది.

"ఒలీనా, నువ్వు ఇంటికి పో," అన్నాడు ఆస్ముంద్. ఆమె వెళ్ళాక తలుపు వేసి గడియ పెట్టి, కిటికీ తెర లాగాడు.

"ఈ మాట ఇంకెక్కడా అనకు తల్లీ," అన్నాడు. "జర్మన్లకు భయపడి చెప్పట్లేదు. మనవాళ్ళకి భయపడి చెప్తున్నా."

"అందరికీ భయపడమంటే ఎలా నాన్నా? భయపడక్కర్లేనివాళ్ళు ఒక్కరూ లేరా?"

ఆస్ముంద్ ఇటు తిరిగాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేనున్నా కదే," అన్నాడు.