అంచున బందులున్న తలుపు

మార్చి పదో తారీకు, ఆదివారం ఉదయం. హాజరైనవారు: సోఫాలో కాలు చాపుకుని అత్తగారు, ఫోనులోంచి తల ఎత్తకుండా అత్తగారి కొడుకు, తలకు తువ్వాలు చుట్టుకుని, చేత బూజుకర్రతో, కుర్చీ ఎక్కి నిలబడిన ఆమె. ఆఫీసులో ఏ సమావేశం జరిగినా మినిట్స్ రాసే పని ఆమెకే పడేది కాబట్టి, ఇంట్లో జరిగేవి కూడా ఆమె మనసులో ఈ పద్ధతిలోనే నమోదయ్యేవి. చర్చించిన అంశం: మూలన మిగిలిపోయిన బూజు. తీర్మానం: అమ్మాయి మరోసారి దులపాలి.

భార్యాభర్తలిద్దరూ ఒకే చదువు చదివి, ఒకే ఏడు, తలుపులు తయారుచేసే ఒకే కంపెనీలో చేరినవాళ్ళు. అత్తగారి కాలు విరిగిన సంవత్సరం ఆమె సెలవు పెట్టింది. తిరిగి వచ్చేసరికి అతను డిజైను విభాగానికి అధిపతి. ఇంట్లో ‘ఏమండీ’ అని పిలిచే మనిషిని ఆఫీసులో ‘సర్’ అనవలసి రావడం మొదట్లో నవ్వు తెప్పించింది. తరువాత తెప్పించలేదు.

ఆ కంపెనీ ఇరవై ఏళ్ళుగా పెద్ద హోటళ్ళకు గుండ్రంగా తిరిగే తలుపులు చేస్తోంది. నడుమ స్తంభం, దాని చుట్టూ నాలుగు రెక్కలు. ఇప్పుడు మొదటిసారి ఒక ఆసుపత్రిలో, రేడియేషన్ గదికి, సీసపు పలకలు పొదిగిన బరువైన తలుపు బిగించారు. మూడుసార్లు అది ఆగవలసిన చోట ఆగక చట్రాన్ని గుద్దింది. మూడోసారి నర్సు చెయ్యి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. తప్పు బ్రేకులు అమ్మినవాళ్ళదని అతను ఫోనులో ఎవరితోనో వాదిస్తున్నాడు. మంగళవారం మళ్ళీ పరీక్ష. అప్పుడూ ఆగకపోతే ఆ తలుపును వెనక్కి పంపేస్తామన్నారు.

మూలను అందుకోవడానికి ఆమె బూజుకర్రను చివర పట్టుకుని తిప్పబోయింది. మణికట్టు కలుక్కుమంది. నడుమ పట్టుకుని తిప్పి చూసింది, గరిటెలా తిరిగింది. మళ్ళీ చివర, మళ్ళీ నడుమ. కర్ర అదే, బరువూ అదే. కుర్చీ మీద ఆమె అలాగే నిలిచిపోయింది. తిరగడానికి ఒక వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే లెక్కకు జడత్వ భ్రామకమని పేరు. ఆ లెక్క అడిగితే కంప్యూటరు ఒక అంకె ఇస్తుంది, ఆ అంకెను బట్టే బ్రేకును అమరుస్తారు. దేని చుట్టూ? వస్తువు నట్టనడుమ చుట్టూ. స్తంభం ఎప్పుడూ నట్టనడుమనే ఉండేది కనుక, ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న వేయవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఈ తలుపుకు మాత్రం బందులు అంచున ఉన్నాయి!

బీరువా నెత్తిన పేరుకున్న దుమ్ములో వేలితో రాసింది. బరువును వెడల్పు వర్గంతో గుణించి, నడిమి ఇరుసుకైతే పన్నెండుతో భాగించాలి, అంచు ఇరుసుకైతే మూడుతో.

“మూడో వంతు,” అంది పైకే.

“మూడో వంతేమిటి అమ్మాయ్? సగం గది అలాగే ఉంది,” అన్నారు అత్తగారు.

పన్నెండో వంతుకు బదులు మూడో వంతు, అంటే నాలుగు రెట్లు. బ్రేకు పాపం తనకు చెప్పిన తలుపునే ఆపుతోంది. ఎదురుగా వస్తున్నది అలాంటివి నాలుగు. ఆమె దుమ్ములోని అంకె కింద రెండు గీతలు గీసింది, పరీక్ష హాలులో ఆఖరి లెక్క తేలినప్పటిలా. ‘ఇంట్లో నీకేం బరువుంటుంది? ఉతికేది మెషీను, రుబ్బేది మిక్సీ’ అని అతను తరచూ అనేవాడు. విడివిడిగా తూస్తే ఏ పనీ నిజంగానే బరువుండదు. మాత్రలు వేయడం, పాలు కాచడం, చొక్కా ఇస్త్రీ చేయడం, ఎంత బరువని! కానీ అవన్నీ ఎవరి వీలు చుట్టూ తిరుగుతున్నాయి? ఆమె నడుమ చుట్టూ కాదు. ఎక్కడో దూరాన నాటుకున్న అతని తీరిక చుట్టూ ఆమె దినమంతా చివర పట్టుకున్న కర్రలా ఊగుతోంది. లెక్కకు వచ్చేది ఆ దూరం. అదీ ఒక్కసారి కాదు, తనను తాను హెచ్చవేసుకుని. ఇన్నేళ్ళ అలసటకు సూత్రం దొరికినందుకు ఏడుపు రావాలి గానీ, ఆమెకు నవ్వొచ్చింది.

కుర్చీ దిగి అతనికి చెప్పింది. అతను తెలివైనవాడే, సగంలోనే అర్థమై ముఖం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, శుభ్రంగా రాసిస్తే తాను సంతకం చేస్తానన్నాడు. లెక్క కట్టినవాళ్ళే సంతకం చేయాలనీ, చేసినవాళ్ళు పరీక్ష ముగిసేదాకా, ఎంత రాత్రయినా, తలుపు దగ్గరే ఉండాలనీ కంపెనీ నియమం. అంతసేపు ఆమె అక్కడుంటే అమ్మను ఎవరు చూస్తారని, ఆమె మీద జాలిపడుతున్నట్టే అడిగాడు.

“అయినా మనిద్దరిలో ఎవరి పేరుంటే ఏముంది?”

“అయితే నా పేరే ఉండనివ్వండి.”

“మరి అమ్మ?”

“మీ అమ్మగారేగా. మీరున్నారుగా.”

బూజుకర్ర అతని ఒళ్ళో పెట్టి స్నానానికి వెళ్ళిపోయింది. అత్తగారు కొడుకునూ కర్రనూ మార్చి మార్చి చూసి, “చివర పట్టుకోకు నాయనా, నడుం పట్టేస్తుంది,” అన్నారు.

సోమవారం చీఫ్ ఇంజనీరు లెక్కంతా చదివి, ఇది ఎవరు కట్టారని అడిగాడు. ఆమె భర్త కిటికీ వైపు చూశాడు. “నాదండీ,” అంది ఆమె. ఆ రోజు మినిట్స్ ఇంకెవరో రాసుకున్నారు.

మంగళవారం ఆసుపత్రిలో కొత్త అంకె ఎక్కించి ఆమే మీట నొక్కింది. సీసపు తలుపు కదిలింది; వేగం పుంజుకుంది. నర్సు చేతులు వెనక్కి దాచుకుంది. ఇదివరకటి కన్నా ఎంతో ముందే బ్రేకు అందుకుంది; తలుపు నెమ్మదించి, నెమ్మదించి, చట్రానికి బెత్తెడు దూరంలో నిలిచి, నిద్రపోతున్న పిల్లను దించినంత మెల్లగా ఆనుకుంది. నర్సు గట్టిగా ఊపిరి వదిలి, “ఇంకోసారి వేయండి మేడమ్,” అంది. తరువాత అందరూ వేసి చూశారు, తలుపును కాదు, ఏదో ఆటబొమ్మను ఆడించినట్టు.

లెక్క కాగితం కింద ‘లెక్క కట్టినవారు’ అన్న గడి ఖాళీగా ఉంది. ఇంటిపేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తరువాత, పెళ్ళికి ముందు అందుకున్న డిగ్రీ పట్టా మీదున్న తన పేరును పూర్తిగా, పొడి అక్షరాలేవీ లేకుండా రాసి, సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తలుపు ఉన్నంతకాలం ఉండేలా, కంట్రోలు పెట్టె లోపలి అరలో దాచింది.