గొడుగు కింది పెద్దమనిషి

ఆ ఏడు కేప్ కోస్ట్‌లో వానలు మొహం చాటేశాయి. పొదలు తగలబడ్డాయి, మొక్కజొన్న కరువైంది. పులిసిన మొక్కజొన్న పిండితో చేసే ఒక్క కెంకె ఉండ కోసం తెల్లారకముందే వరసలో నిలబడాల్సి వచ్చేది. అరబా క్రెంట్సిల్ కూడా నిలబడేది. దొరికితే తల్లికి సగం పెట్టి, దొరక్కపోతే ఇద్దరూ మంచినీళ్లతో సరిపెట్టుకుని, ఎనిమిదింటికల్లా పాత రికార్డుల ఆఫీసుకు చేరేది.

అక్కడ ఆమె పని గాజు పలకలతో. అరవై ఏళ్ల కిందట ఊళ్లో ఆమువా స్టూడియో ఓ వెలుగు వెలిగింది. పెళ్లయినా, బాప్టిజమైనా, కొత్త ఉద్యోగమైనా జనం వెళ్లి అక్కడ ఫొటో దిగాల్సిందే. స్టూడియో మూతబడ్డాక ఆమువా మనవలు మూడు వేల గాజు నెగెటివ్‌లు తెచ్చి ఆఫీసులో పడేశారు. పేర్లున్న పుస్తకాలు చెదల పాలయ్యాయి. పలక మూలన గీసిన అంకె తప్ప ఏ ఆనవాలూ మిగల్లేదు. ఒక్కో పలకనూ మెత్తని బ్రష్‌తో తుడవడం, కిటికీ వెలుగుకు పట్టి చూడటం, కార్డు రాయడం. "మగమనిషి, కుర్చీ, పేరు తెలియదు." "ఇద్దరు ఆడవాళ్లు, పేర్లు తెలియవు." తొమ్మిదేళ్లుగా ఇదే. యాభై రెండో ఏటికే ఆమె కళ్లు మసకబారాయి, మెడ పట్టేసింది.

ఆ పలకల్లో ఒకదాన్ని పెద్దగా అచ్చు వేయించి పైఅధికారి బైడూ ముందు హాల్లో తగిలించాడు. రంగురంగుల కెంటె బట్ట చుట్టుకుని, పెద్ద ఛత్రం కింద దర్జాగా కూర్చున్న ఓ పెద్దమనిషి. కొంప ముంచింది అదే.

ఫిబ్రవరిలో నానా క్వెగ్యిర్ వచ్చాడు; అక్కడ పెద్దలను నానా అనే పిలవాలి. ఎనభై దాటినవాడు, చేతికర్ర నేలకేసి కొడితే హాలంతా మోగేది.

"అమ్మాయ్, ఆయన మా అమ్మమ్మకు అన్న. మా వంశపు పెద్దగా పీఠం మీద కూర్చున్నవాడు. కింద పేరు రాయి."

"మీకెలా తెలుసు నానా?"

"ముక్కు చూడు, నా ముక్కు చూడు!"

నాలుగు రోజులకు పక్క ఊరి నుంచి నానా ఎబో టావియా దిగాడు. వీళ్లిద్దరిదీ ఒకే వంశం, రెండు ఇళ్లు. పీఠం ఎవరిదన్న తగాదాతో పదకొండేళ్లుగా మాటల్లేవు. పెద్దల సభలో విచారణ దగ్గర పడుతోంది. పీఠం తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి, ఆ ఫొటో కింద ఎవరి ఇంటి మేనమామ పేరుంటే వాళ్లకు అంత బలం.

"క్వెగ్యిర్ ముక్కు గురించి చెప్పాడా? ఆ ముక్కు వాడికి చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడితే వచ్చింది. ఆయన మా మనిషి," అన్నాడు టావియా.

మర్నాడు క్వెగ్యిర్ మనుషులు అరబా ఇంటి ముందు అర బస్తా మొక్కజొన్న దింపారు. అరబా ఆ సంచి వైపు చాలాసేపు చూసింది. నోట్లో నీళ్లూరాయి, సిగ్గూ వేసింది. "తీసుకెళ్లిపోండి," అంది చివరికి.

లోపల్నుంచి తల్లి, "వద్దన్నావా? మతి ఉండే అన్నావా? చచ్చినవాడి పేరు కోసం బతికున్నదాని కడుపు మాడుస్తావా!" అని శోకాలు పెట్టింది. ఆ రాత్రి ఇద్దరూ ఉడికించిన పచ్చి బొప్పాయి తిన్నారు.

బైడూదీ అదే మాట. "ఎవరో ఒకరి పేరు రాసి పారెయ్, అరబా. వాడు లేచొచ్చి కాదంటాడా?"

"నాకు తెలియంది నేను రాయను సార్," అంది. అది పౌరుషం కాదు, వాదించే ఓపిక లేక వచ్చిన మాట.

ఆ తర్వాత వారం రోజులు అంకెల వరస పక్కన పెట్టి పెట్టెలన్నీ తిరగేసింది. అదే మనిషి ఇంకెక్కడైనా దొరుకుతాడేమోనని ఆశ. మనిషి దొరకలేదు, గొడుగు దొరికింది. అంచున చిరుగు, దానికి వేసిన అడ్డకుట్టు, అన్నీ అవే. అదే కెంటె, అవే చెప్పులు. కింద కూర్చున్నవాళ్లు మాత్రం ఏడు పలకల్లో ఏడుగురు వేరేవాళ్లు. ఒకడికి చెప్పులు జారిపోతున్నాయి, ఇంకొకణ్ణి బట్ట మోచేతుల దాకా మింగేసింది. ఆ హంగంతా స్టూడియోది. సరదా పడ్డవాడల్లా ఓ పూట రాజైపోయాడు.

కరెంటు ఉన్న రోజు చూసి, మిగిలిన ఫొటో కాగితమంతా వాడి ఏడూ అచ్చు వేసింది. కాగితం సంగతి తెలిసి బైడూ నెత్తి బాదుకున్నాడు. ఆమె మాత్రం ఇద్దరు పెద్దలకూ కబురు పెట్టి, బల్ల మీద ఫొటోలు పరిచి, గొడుగు చిరుగు వేలితో చూపించింది.

ముందు క్వెగ్యిరే పేలాడు. "టావియా నీకేం పెట్టాడు?"

"నేనా? దీన్ని కొన్నది నువ్వు కాదూ!" అని టావియా లేచాడు.

"నాకెవరూ ఏమీ పెట్టలేదు నానా," అంది అరబా. "పొద్దున్నుంచి కడుపులో ఏమీ పడలేదు. అరవాలంటే మీరిద్దరే అరుచుకోండి, నేను కూర్చుంటాను." నిజంగానే కుర్చీలో కూలబడింది.

టావియా నాలుగో ఫొటో మీదికి వంగాడు. అందులో ఉన్నది చెప్పులు జారిపోతున్నవాడు.

"వీడు... శవపెట్టెలు చేసే యావ్సన్ కదరా!"

క్వెగ్యిర్ ముక్కు ఫొటోకి ఆనించాడు. "అవునురా! ఆ మెల్లకన్ను! మన తాతకు పొట్టి పెట్టె చేసి, కాళ్లు మడవమన్నాడు!"

ఇద్దరికీ నవ్వాగలేదు. క్వెగ్యిర్ దగ్గి దగ్గి కళ్లు తుడుచుకున్నాడు. అరబా కార్డు తీసి యావ్సన్ పేరు రాసుకుంది. గొడుగు కింది అసలు మనిషి ఎవరో మాత్రం వాళ్లకూ తేలలేదు. ఆ ఫొటో లేకుండానే విచారణ మొదలై, వాయిదా మీద వాయిదా పడింది.

టావియా గురువారం గురువారం రావడం మొదలుపెట్టాడు, పలకలు చూసి పేర్లు చెప్పడానికి. అది విని, తప్పులు దిద్దడానికంటూ క్వెగ్యిర్ కూడా వచ్చాడు. ఆ మొదటి రోజు నవ్వు ఇంటికి వెళ్లేసరికి ఆరిపోయిందేమో, మళ్లీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. "వాడితో చెప్పు, అది పడవల క్వామినా కాదని." "వాడితో చెప్పు, వాడికి కళ్లు ఎప్పుడో పోయాయని." మధ్యలో అరబా తల వాచిపోయేది. అయినా ఏప్రిల్ నాటికి నూట నలభై కార్డుల మీద పేర్లు ఎక్కాయి.

మే నెలాఖరున టావియాకు కాళ్లు పడిపోయాయి. ఆ గురువారం క్వెగ్యిర్ ఒక్కడే వచ్చాడు. అరబా పలక తర్వాత పలక పట్టి చూపించింది. ఆయన ఒక్కరినీ గుర్తుపట్టలేదు.

"ఏమిటి నానా, కళ్లు బాగాలేవా?"

"కళ్లకేం, దివ్యంగా ఉన్నాయి." కర్ర మీద గడ్డం ఆనించాడు. "వాడు తప్పు చెబితేగానీ నాకు ఒప్పు తట్టదమ్మాయ్."

అరబా పెట్టె మూసేసింది. ఇంకా రెండు వేల ఏడెనిమిది వందల పలకలు పేర్లు లేకుండా అలాగే ఉన్నాయి. ముసలాయన రెక్క పట్టుకుని, మెల్లగా జనాన్ని ఎక్కించుకునే లారీలు ఆగే చోటి దాకా నడిపించింది. టావియా ఊరి వైపు వెళ్లే బండి ముందొచ్చింది. క్వెగ్యిర్ దాన్నే ఎక్కాడు.