మూడు తలుపుల కారు జెండా

"నా కొక్కేనికి తడి తువ్వాలు తగిలించిందెవరు?" స్నానాలగది గుమ్మంలో నిలబడి అన్న కేకేశాడు.

ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా చిట్టి వంటింట్లోంచే జవాబిచ్చింది. "నేనే. ఏం, నీ కొక్కెం అరిగిపోయిందా?"

"నీ తువ్వాలు గళ్ళది కాదే తల్లీ. ఇది బావది."

"పోనీలేరా," అంది అమ్మ, గిన్నె మీద మూత సర్దుతూ. "ఇల్లరికం వచ్చినవాడికి ఇల్లంతా కొక్కేలే."

ఇంతలో చిట్టి భర్తే వచ్చాడు. తువ్వాలు తీసుకున్నాడు. కొక్కెం కింద పడిన తడిని కూడా కాలితో తుడిచి మరీ వెళ్ళాడు. ఆ కాలితో తుడవడం చూసి చిట్టికి ఒళ్ళు మండింది. ఒక్క మాట అనొచ్చు కదా! కుక్కిన పేనులా పడి ఉండే మనిషి తరపున ఎన్నాళ్ళని నోరు చేసుకుంటుంది?

కింద వాటాలో ఉన్న నాన్న ఆఫీసులో కారు పందేల వీడియో గేములు తయారవుతాయి. అన్న బేరసారాలు చూస్తాడు. కార్లు అల్లుడివి. ఏ కారు ఎంత బరువు, ఎంత వేగం, ఇంజను ఎలా గుర్రుమంటుంది, పేరు పక్కన ఏ దేశం జెండా పెట్టాలి, అన్నీ అతనే తేల్చాలి. ఆడేవాడు ఒక దేశాన్ని ఎంచుకుంటే ఆ జెండా ఉన్న కార్లే పందెంలోకి దిగుతాయి. అంచేత జెండా చిన్న విషయం కాదు. పేచీ వస్తే ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చడం నాన్న పెట్టిన పద్ధతి. నోట్లో ముద్ద ఉండగా మనిషి అబద్ధమాడలేడని ఆయన సిద్ధాంతం.

ఈసారి పేచీ ఒక బుల్లి కారు మీద. పక్కకి రెండు తలుపులు, వెనక ఒకటి. దాని మూతి మీది గుర్తు బిళ్ళ ఒక దేశపు కంపెనీది. బొమ్మ గీసింది ఇంకో దేశంలో. కానీ ఆ కారు తయారైందంతా అల్లుడు పుట్టిన దేశంలో, అతని ఊరి ఫ్యాక్టరీలోనే. ఇంజనూ అక్కడిదే, రేకూ అక్కడిదే. బిళ్ళలు మాత్రం బయటినుంచి పెట్టెల్లో వచ్చేవి. ఆ ఫ్యాక్టరీలో వాళ్ళమ్మ తలుపులు బిగించేది. వేళ్ళు కొంకర్లు పోయేదాకా అదే పని చేసింది. సొంత బిళ్ళంటూ ఒక్క కారుకూ లేని ఆ దేశానికి, గేములోనైనా ఒక కారు ఉంటుందని అల్లుడు ఆ జెండా పెట్టాడు. పెట్టి ఊరుకోక ఫోన్‌లో అమ్మకి చెప్పాడు. ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. బిళ్ళ ఏ దేశానిదో ఆ జెండాయే ఉండాలని నాన్నా, అన్నా పట్టుబట్టారు.

ఆ పూట భోజనానికి ముందు నాన్న చిట్టిని కిందికి పిలిచాడు.

"జెండా ఉంటే మీ ఆయన ఈ ఆఫీసులో ఉండడు. మీ ఆయన ఉంటే ఆ జెండా ఉండదు. ఏది కావాలో భోజనాల దగ్గర నువ్వే చెప్పు."

"నేనెందుకు నాన్నా? యజమాని మీరు కదా?"

"నేను చెబితే మావగారి పెత్తనం అంటాడు. పెళ్ళాం చెబితే నోరు మూసుకుంటాడు."

"అతను చెప్పేది నిజమే కదా. ఆ కారు పుట్టింది అక్కడే."

"అబద్ధమని నేనన్నానా? ఇవాళ జెండా తన ఇష్టమైతే రేపు ఆఫీసూ తన ఇష్టమే." కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "ముందే వెళ్ళి అతని చెవిలో ఊదావంటే నాకు తెలిసిపోతుంది. నీ మొహం దాచుకోవడం నీకు రాదు."

అడకత్తెరలో పోకచెక్కలా మెట్లెక్కి వచ్చింది. ఈ ఉద్యోగం పోతే అతనికి ఇంకొకటి దొరుకుతుందేమో. దొరక్కపోతే ఈ ఇంట్లో ఒట్టి చేతులతో కూర్చున్న అతన్ని రోజూ చూడాలి. అది తన వల్ల కాదు.

వడ్డనలు అయ్యాయి. అన్న మొదలుపెట్టాడు. "బావగారూ, మీ అమ్మగారు తలుపులు బిగించారని దేశమే ఇచ్చేస్తే, చక్రాలకి గాలి కొట్టినవాడికి ఏమిస్తారు? ఖండమా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అల్లుడు నెమ్మదిగా చెప్పాడు. "బిళ్ళ ఉన్న దేశంలో ఈ కారు ఒక్కటి కూడా అమ్మలేదు, మావయ్యగారూ. అక్కడి రోడ్డు దీన్ని ఎరగదు. పుట్టినచోటు కాకపోతే ఇంకేం పెడతాం?" తర్వాత భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసుగా. నువ్వు చెప్పు."

ఎంత నమ్మకంగా అడిగాడో! ఆ నమ్మకమే ఆమెకి కోపం తెప్పించింది. జెండా మార్చేయండి అని రెండు మాటల్లో తేల్చేస్తే సరిపోయేది. కానీ నోరు తెరిచాక ఆ రెండు మాటలూ రాలేదు.

"తలుపు బిగించినంత మాత్రాన వడ్రంగి ఇంటివాడైపోతాడా ఏవండీ?"

అన్న పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వింది. నాన్న మీసాల చాటున నవ్వాడు. పెళ్ళయ్యాక ఈ బల్ల దగ్గర చిట్టి మాటకి అందరూ నవ్వడం ఇదే మొదలు. అన్న తనంతట తానే ఆమె గ్లాసులో నీళ్ళు పోశాడు. ఆ మాట ఎక్కడెక్కడ తగిలిందో ఆమెకి తెలియకపోలేదు. అయినా ఆ నవ్వుల వెచ్చదనం వదులుకోబుద్ధి కాలేదు.

"అత్తయ్యగారిది కూలిపని," అంది ఇంకాస్త గట్టిగా. "కూలి పుచ్చుకున్నారు, అయిపోయింది. ఎవరి బిళ్ళ ఉంటే వాళ్ళదే కారు. జెండా మార్చేయండి నాన్నా."

అల్లుడు కలిపిన ముద్దని కంచంలోనే వదిలేశాడు. ఆమెకేసి చూశాడు. తిట్టలేదు, లేవలేదు. "సరే," అన్నాడు. "రేపు మారుస్తాను."

"మీకెందుకండీ శ్రమ," అన్నాడు నాన్న. ఆ తర్వాత అల్లుడి వైపు చూడనైనా చూడకుండా కూతురితో చెప్పాడు. "మీ ఆయన ఆఫీసులోనే ఉంటాడమ్మా, నేను మాట తప్పను. కార్లు మాత్రం రేపట్నుంచి మీ అన్న చూస్తాడు. గేము ఆడేవాళ్ళ ఫిర్యాదులకి మీ ఆయన సమాధానం చెప్పుకుంటాడు. ముందు వాళ్ళమ్మగారితో మొదలుపెట్టమను."