స్టోర్ రూమ్, ఒకరు

ఆకుపచ్చ మరీ ముదురైపోయింది, తెర మీద అంకెల్ని మింగేస్తోంది, కాస్త లేతది పెట్టాల్సింది, నిన్న సాయంత్రమంతా ఈ రంగులతోనే సరిపోయింది అనుకుంటోంది ఆమె, కంపెనీలో అందరూ మనసు మేడమ్ అని వేళాకోళంగా పిలిచే ఆమె, ఉద్యోగుల ఒత్తిడి ఎంతో అడిగి తెలుసుకుని పైవాళ్ళకి చెప్పడమే ఆమె పని, రిమోటేమో మేనేజరు చేతిలో ఉంది, బల్ల చుట్టూ ఎనిమిది మంది, మూడో పేజీ, బాగా చేశారండీ అంటున్నాడు, అమ్మయ్య, తర్వాతిది వయసులవారీ, ఆ తర్వాత విభాగాలవారీ, ప్యాకింగ్ నలభై ఒక్కరు, అకౌంట్స్ ఇరవై ఇద్దరు, స్టోర్ రూమ్ ఒకరు, ఒకరు, ఒకరేమిటి.

స్టోర్ రూమ్‌లో ఉన్నదే ఒక్క మనిషి, అందరికీ బాబాయ్, నడుముకి తాళాలగుత్తి, ప్రశ్నల కాగితం మీద పేరు రాయొద్దంది సరే, విభాగం గడి నింపించింది తనేగా, కాగితం అటూ ఇటూ తిప్పి, అమ్మాయ్, ఇది నేనని తెలీదు కదా అని రెండుసార్లు అడిగాడు, తెలీదు బాబాయ్, పూచీ నాది అంది, అప్పుడు కళ్ళజోడు తుడుచుకుని ఉన్నదున్నట్టు రాశాడు, గేటు కనబడితే కడుపులో దేవుతుందని, మేనేజరు గొంతు వింటే తాళంచెవి కన్నంలో దూరదని, ఆ మాటే ముచ్చటపడి కారణాల గడిలో ఎక్కించింది తను, సోమవారం మేనేజరు అననే అన్నాడు, ఒత్తిడికి ఆగలేనివాళ్ళని ఈ నెలలోనే ఇంటికి పంపేద్దామని, హాస్యమనుకుని నవ్వింది కూడా, బాబాయ్‌కింకా రెండేళ్ళ సర్వీసుంది, చూపు లేని అక్కకి ఆయనే దిక్కు, సార్, ఆ విభాగాల పేజీ వదిలేద్దాం, అందులో తప్పుంది అంది, తప్పుంటే అందరం కలిసి పట్టుకుందాం లెండి అని నవ్వుతూ మేనేజరు రిమోట్ రెండుసార్లు నొక్కాడు.

ఎర్రగా ఒక్క వరుస, స్టోర్ రూమ్, ఒకరు, ఒత్తిడి నూటికి నూరు, పక్కనే ఆ తాళంచెవి మాట, మేనేజరు రెండుసార్లు చదివి, స్టోర్ రూమా అన్నాడు, అంతే, మెల్లగా పెన్ను మూత తీశాడు, లేచి తెర ముందు నిలబడాలనుంది, లేవలేదు, తెలీక జరిగింది, రంగుల ధ్యాసలో చూసుకోలేదు, ఎవరికైనా జరిగేదే అని సర్దిచెప్పుకుంటుంటే చూపు జారి చిట్టచివరి వరుస మీద పడింది, కౌన్సెలింగ్, ఒకరు, ఒత్తిడి సున్నా, ముదురు ఆకుపచ్చ, అది తన కాగితం, ఆరు నెలలుగా నిద్రమాత్ర లేనిదే కన్ను మూతపడని తను ప్రతి ప్రశ్నకీ బాగున్నానని రాసుకున్న కాగితం, విభాగం గడి దగ్గర పెన్ను ఆగడం ఇప్పుడు కళ్ళకి కట్టినట్టుంది, ఇక్కడ నేనొక్కదాన్నేగా, ఇట్టే తెలిసిపోతుంది అనుకుంది, అనుకుని అబద్ధం రాసింది, ఆ మర్నాడే బాబాయ్‌కి పూచీ పడింది.