అత్తయ్య పలకని పేరు

పాపకి అచ్చమ్మ అని పేరు పెడతానని నేను చెప్పేసరికి అత్తయ్య కాజా కుడుతోంది. సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. మా ఆయన మిషను తొక్కడం ఆపాడు. కొట్లో పాపతో కలిపి నలుగురం ఉన్నాం. పాప ఒక్కతే తన లోకంలో తాను ఏదో కూస్తోంది.

"ఎవరి పేరూ?" అంది అత్తయ్య.

"నాయనమ్మ పేరు."

నాయనమ్మంటే మా ఆయనకి నాయనమ్మ. అత్తయ్యకి అత్తగారు. మామయ్య ఎప్పుడో పోతే ఈ కుట్టు కొట్టుని నిలబెట్టింది ఆవిడే. నేను నెల తప్పిన కొత్తల్లో ఆవిడా పోయింది.

అత్తయ్య దారం పళ్ళతో కొరికి, చొక్కా మడత పెట్టి, నా వైపు కాకుండా కొడుకు వైపు చూసింది. "మీ పిల్ల, మీ ఇష్టం. నేను మాత్రం ఆ పేరుతో పిలవను. ఆ పేరున్న పిల్లని ముట్టుకోను కూడా. తర్వాత చెప్పలేదనుకునేరు."

అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ మాటకి నేను భయపడడానికి కారణముంది. పాపకి స్నానం చేయించేది అత్తయ్యే. మెడ నిలవని పిల్లని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలంటే నా చేతులు నా మాట వినవు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించేదీ, ఏడిస్తే అది ఆకలేడుపో కడుపునొప్పో చెప్పేదీ ఆవిడే. మా అమ్మ పోయాక తొమ్మిదో తరగతిలో బడి మానేసి తమ్ముళ్ళకి వండిపెట్టాను గానీ, వాళ్ళు అప్పటికే పరుగులు పెట్టే పిల్లలు. ఇంత చిన్న ప్రాణాన్ని ఎత్తుకోవడం నాకెవరూ నేర్పలేదు. పడుకున్నప్పుడు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, ఊపిరి తగిలేదాకా నా ఊపిరి ఆడదు.

సాయంత్రం మా ఆయన అక్క ఫోన్ చేసింది. అప్పటికే కబురు చేరిపోయింది.

"ఏంటమ్మా, అచ్చమ్మంటగా. రేపు బళ్ళో హాజరు పిలిస్తే, ఎవరి నాయనమ్మో దారి తప్పి క్లాసులోకి వచ్చిందనుకుంటుంది వాళ్ళ టీచరు."

పక్కనే వింటున్న మా ఆయనకి నవ్వొచ్చింది. నేను చూసేసరికి దగ్గుగా మార్చుకున్నాడు.

"నేను పంపిన పేర్లలో ఒక్కటీ నచ్చలేదా?"

"వాటికి అర్థం తెలియలేదు వదినా."

"అచ్చమ్మకి తెలిసిందా అర్థం?"

"అర్థం తెలీదు. మనిషి తెలుసు."

 వదిన వేళాకోళం పోయిన గొంతుతో అంది. "ఆ మనిషి మా అమ్మని ఎలా కాల్చుకు తిన్నదో కూడా తెలుసుకోవాల్సింది."

నాకు తెలుసు. ఈ వీధిలో అందరికీ తెలుసు.

కొట్టు గుమ్మం పక్కన ఒక మేకు ఉండేది. ఎవరి కుట్టు తప్పితే వాళ్ళ బట్టని నాయనమ్మ ఆ మేకుకి తగిలించేది, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా. అత్తయ్య కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. మొదటి ముక్కని తిరగేసి పెట్టకుండా, ఒకే వైపు పెట్టి రెండోసారీ కోస్తే అలా అవుతుంది. ఆ చొక్కా మేకుకి వేలాడినన్నాళ్ళూ, బట్టలిచ్చేవాళ్ళు లోపలికొస్తూ "ఎవరిదీ పనితనం?" అని అడగడం, నాయనమ్మ గడ్డంతో అత్తయ్యని చూపించడం. ఆ తర్వాత అత్తయ్య చేతికి కత్తెర రాలేదు. కాజాలు, బొత్తాలు, అంచు మడతలు. జుట్టు నెరిసేదాకా అవే.

నేను వచ్చేటప్పటికి నాయనమ్మకి కళ్ళు మసకలు, మోకాళ్ళు పట్టేశాయి. మంచం కత్తిరింపు బల్ల పక్కకి వేయించుకుని, నోటితోనే నాకు పని నేర్పింది. ఒకరోజు ఎవరిదో ఖరీదైన కోటు గుడ్డ, నేనూ రెండు చేతులూ ఎడమవే కోసేశాను. నా చూపు తిన్నగా మేకు మీదికి పోయింది. నాయనమ్మ ఆ రెండు ముక్కల్నీ వేళ్ళతో తడిమింది.

"ఒక చెయ్యి ఎక్కువైంది, ఒకటి తక్కువైంది," అంది. "మిగిలిన గుడ్డ పరుచు. మళ్ళీ చెయ్యి."

అంతే. ఆ మాట అన్నప్పుడు ఎదురుగా అత్తయ్య బొత్తాలు కుడుతోంది. నేను బతికిపోయానన్న సంతోషంలో ఆవిడ ముఖం చూడలేదు.

పేరు సంగతి చెప్పిన మర్నాడు స్నానం వేళకి అత్తయ్య లేవలేదు. కొట్లో స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూనే ఉంది. నీళ్ళు నేనే తోడుకున్నాను. చాపిన కాళ్ళ మీద పాపని పడుకోబెట్టుకున్నాను. మోచేత్తో వేడి చూశాను, మళ్ళీ చూశాను, చల్లారిపోయాయేమోనని మళ్ళీ వేడి కలిపాను. సబ్బు రాసేదాకా బాగానే ఉంది. తిప్పబోతే జారింది. మెడ వెనక్కి వాలి, నీళ్ళు ముక్కులోకి పోయాయి. పాప నోరు తెరిచింది గానీ ఏడుపు రాలేదు.

వీపు మీద తట్టాను. ఎంత గట్టిగా తట్టాలో తెలియదు. దగ్గింది, తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకు కళ్ళు కనిపించాయి. తువ్వాలు చుట్టి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. తలుపు సందులోంచి కొట్లో స్టూలు కనపడుతోంది. అత్తయ్య లేచి నిలబడి ఉంది, చేతిలోంచి జారిన బట్ట నేల మీద పడి ఉంది. కానీ లోపలికి రాలేదు. కాసేపటికి మళ్ళీ కూర్చుంది.

మా ఆయన భోజనం దగ్గర అన్నాడు. "పోనీ మార్చేద్దామా? ఒక పేరు కోసం ఇల్లంతా ఇలా బిగుసుకుపోవాలా? రేపు ఆఫీసుకెళ్ళి జనన పత్రంలోకి పేరు చెప్పి రావాలి. ఏదో ఒకటి తేల్చు."

"మీకేం అనిపిస్తోంది?"

"నన్ను మధ్యలోకి లాగకు తల్లీ. ఇద్దరూ కలిసి నన్ను కుట్టేస్తారు."

మార్చేస్తానని చెప్పడానికే అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఒట్టు, అందుకే వెళ్ళాను. ఆవిడ దీపం కింద సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"అత్తయ్యా, నన్ను ఆవిడ మేకుకి తగిలించలేదు."

"చూశాగా. ఎదురుగానే ఉన్నాను." దారం ఎక్కలేదు. కొస తడి చేసుకుంది. "ఆవిడకి మంచితనం వచ్చేటప్పటికి నా వయసైపోయింది. నీ అదృష్టం నీది, నాకేం కుళ్ళు లేదు. కానీ పొద్దున్న లేస్తే మళ్ళీ ఆ పేరే నా చెవిన పడాలా? అచ్చమ్మ లేచిందా, అచ్చమ్మ తిన్నదా, అచ్చమ్మకి నీళ్ళు కాగాయా. చాలమ్మా నాకు. సరిపడా విన్నాను."

ఆవిడ చెప్పింది నిజం. నా నోటి దాకా వచ్చింది, మారుస్తానని. కానీ బయటికి వచ్చింది వేరే.

"మార్చను అత్తయ్యా. నన్ను బడి మానెయ్యమన్నారు. ఇంట్లో ఊరుకోమన్నారు. మళ్ళీ చెయ్యి అని నాతో అన్నది ఆవిడొక్కతే. నా కూతురికి ఆ మాట కావాలి."

"నాతో అనలేదు ఆవిడ ఆ మాట."

"తెలుసు. అందుకే మిమ్మల్ని పిలవమనను. స్నానం నేనే చేయిస్తాను."   అత్తయ్య దారం ఎక్కించుకుని పనిలో పడింది.

మర్నాడు మా ఆయన ఆఫీసులో ఆ పేరే చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత అత్తయ్యకి పాప 'అది' అయిపోయింది. "అది లేచినట్టుంది." "దానికి దోమ కుడుతోంది చూడు." చెప్పేది, దగ్గరికి వచ్చేది కాదు. రోజూ నేనే స్నానం చేయించాను. అలవాటైతే భయం పోతుందన్నారు గానీ నాకు పోలేదు. పాపకి గిలక్కాయ ఆడిస్తున్నా నా చెవి కొట్లోకే ఉండేది, ఆవిడ స్టూలు జరిగిందా అని.

ఒక మధ్యాహ్నం మా ఆయన కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. కొట్లో ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చింది. నేను టేపు తీసుకునేసరికి పాప ఏడుపు మొదలెట్టింది. పాలిచ్చాను, వద్దంది. భుజాన వేసుకున్నాను, వెనక్కి విరుచుకుంది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ముఖం కందిపోయి, మధ్యలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయి ఏడుస్తోంది. వచ్చినావిడ ఓసారి పాపని, ఓసారి నన్ను చూస్తోంది. నాకూ ఏడుపు ఆగలేదు. అత్తయ్యని పిలవకూడదనుకున్నాను. పిలవలేదు కూడా. ఊరికే ఆవిడ వైపు చూశాను.

అత్తయ్య చేతిలో సూదిని సూదుల దిండుకి గుచ్చింది. చేతులు చీరకి తుడుచుకుంది. వచ్చి, అడగకుండా నా భుజం మీంచి పాపని తీసుకుని, బోర్లా తన ముంజేతి మీద పడుకోబెట్టుకుంది. పాప ఏడుస్తూనే ఉంది.

"అచ్చమ్మా," అంది.

చాలా చిన్నగా అంది. ఆవిడ నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆవిడ అని కూడా ఉండదు, అత్తగారిని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? ఆవిడకీ వింతగా ఉన్నట్టుంది. చుట్టూ చూసింది, ఎవరైనా కసురుతారేమో అన్నట్టు. ఎవరూ కసరలేదు.

"అచ్చమ్మా, నోరు ముయ్యి."

పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. అత్తయ్య గొంతూ పెరిగింది.

"నోరు ముయ్యవే అచ్చమ్మా. ఇంటిల్లిపాదినీ ఆడిద్దామనుకున్నావా? నీ ఆటలు నా దగ్గర సాగవు. పడుకోమంటే పడుకోవాలి. కూర్చోమంటే కూర్చోవాలి. వింటున్నావా, నిన్నే."

ఆవిడ ముఖం ఎర్రబడింది. మెడ మీద నరం తేలింది.  ఆవిడ మాట్లాడేది నా పిల్లతో కాదని తెలుస్తూనే ఉంది. పాపని లాక్కుందామని చేతులు చాచాను. అప్పుడు ఆవిడ చేతుల్ని చూశాను. ఒకటి పాప గడ్డం కింద, మెడ వాలకుండా పట్టుకుని ఉంది. రెండోది వీపు మీద, పైనుంచి కిందికి, మెల్లగా, ఒకే తీరుగా రాస్తోంది. ఆ గొంతు ఒక మనిషిది, ఆ చేతులు ఇంకో మనిషివి.

పాప పెద్దగా తేన్చింది. ఎక్కిళ్ళు పెట్టింది. ఆగింది.

కొలతలివ్వడానికి వచ్చినావిడ అంది. "అచ్చమ్మా పాప పేరు? బాగా పాతకాలం పేరు పెట్టారే."

"మా అత్తగారి పేరు లెండి," అంది అత్తయ్య, ఇంకా ఆయాసపడుతూ. "బుద్ధులన్నీ ఆవిడవే. చెప్పుచేతల్లో పెట్టుకోవాలి."

నేను చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. ఆవిడ పాపతో సహా అటు తిరిగింది.

"నువ్వెళ్ళి ఆవిడ కొలతలు చూడు. మా ఇద్దరికీ చాలా మాటలున్నాయి."

వెళ్ళాను. టేపు పట్టుకుని, అత్తయ్య చేతులు కనపడే వైపు నిలబడ్డాను.