సున్నా నొక్కని వేలు

నేను ఒక కాలిక్యులేటర్‌ని. నా మొదటి యజమాని విశాఖపట్నంలో ట్యూషన్ మాస్టారు. పిల్లలకు సున్నాలు వేయడమంటే ఆయనకు పండగ. నా సున్నా మీట అలాగే అరిగింది. ఆయన ట్యూషన్లు మానేశాక కూతురు అరుంధతి నన్ను తన డీఎన్ఏ ల్యాబుకి తెచ్చుకుంది. కంప్యూటర్ చెప్పిన లెక్కను కూడా నా మీద మరోసారి చేసి చూసుకునే మనిషి. అందుకే నాకిష్టం.

ఒకసారి జాలరిపేట నుంచి నూకరత్నం కేసు వచ్చింది. ఆమెతో కాపురం చేసిన ఎర్రయ్యే, ఆమె కూతురు చిట్టి తన బిడ్డ కాదన్నాడు. కోర్టు పరీక్ష చేయించమంది. తల్లి నుంచి వచ్చింది పక్కన పెట్టి, పిల్లకు తండ్రి నుంచి రావలసింది ఇతనిలో ఉందా అని డీఎన్ఏలో ఇరవై చోట్ల చూశారు. ఉన్న ప్రతిచోటా ఒకటే ప్రశ్న, అది జనంలో ఎంత అరుదు అని. ఎంత అరుదైతే అంత పెద్ద అంకె. అన్నీ గుణించుకుంటూ పోవాలి. పంతొమ్మిది చోట్ల ఉంది. నా తెర మీద అంకె కోట్లు దాటింది.

ఇరవయ్యో చోట లేదు.

ఎర్రయ్య ప్లీడరుకి అదే దొరికింది. "సున్నాతో గుణిస్తే సున్నాయే కదా మేడం?" అన్నాడు కోర్టులో, నన్ను పట్టుకుని సాక్ష్యానికి వచ్చిన అరుంధతితో. ఎర్రయ్య మీసం దువ్వాడు.

నూకరత్నం లేచి నిలబడింది. "ఒక్కసోట కలవనేదని నా పిల్లకి బాబే నేడంటారేటి?"

మాస్టారి వేలైతే ఈపాటికి సున్నా నొక్కేసేది. అరుంధతి నొక్కలేదు.

"తండ్రి నుంచి బిడ్డకు దిగేటప్పుడు ఎప్పుడైనా ఒకచోట తేడా పడుతుంది సార్. అరుదే, జరగనిది మాత్రం కాదు. జరగనిదానికే సున్నా. నాలుగైదు చోట్ల తప్పి ఉంటే మీ మాటే నిజమయ్యేది" అంటూ, ఆ అరుదుకు తగినట్టు ఒకటి కన్నా బాగా చిన్న అంకె నొక్కి గుణించింది. కోట్లు తగ్గి లక్షలయ్యాయి. "దారిన పోయేవాడెవడో తండ్రయితే ఇలా రావడం కంటే, ఇతనే తండ్రయితే రావడానికి లక్షల రెట్లు ఎక్కువ వీలుంది."

జడ్జిగారు ఒప్పుకున్నారు. ప్లీడరు కూర్చున్నాడు. ఎర్రయ్య తల్లి మాత్రం లేచి వచ్చి చిట్టిని చంకనెత్తుకుంది.

"లెక్క మీరిప్పుడు తేల్చినారు. ఆ ముక్కు నానెప్పుడో సూసినాను. పదరా ఎర్రిగా, పిల్లకి ఐసు కొను."

వాడు కదిలాడు.

మీ మనుషులు ఇంతే. కళ్లెదుట ముక్కు చాలదు, అంకె కావాలి. అంకె వస్తే అందులో సున్నా కోసం వెతుకుతారు.

ఇప్పుడు నేను పాత సామాన్ల అట్టపెట్టెలో ఉన్నాను. సున్నా మీట ఊడిపోయింది, మిగతావన్నీ పనిచేస్తాయి. బాధేం లేదు. నన్ను పట్టుకుని ఇక ఏ పిల్లనూ ఎవరూ సున్నా చేయలేరు.